గురునాథరావు కళ్ళు, త్రినాథరావు కళ్ళు

చోడవరం అవతల ఒక చిన్న పల్లెలో సన్యాసమ్మకు తొలి కాన్పులోనే కవలలు పుట్టారు. ముందు పుట్టినవాడు గురునాథరావు, వెనకవాడు త్రినాథరావు. ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకడికి పాలపన్ను ఊడితే వారం తిరక్కుండా రెండోవాడికీ అదే పన్ను ఊడేది. మీసాలు ఒకే వేసవిలో మొలిచాయి. ముప్పై దాటాక కణతల దగ్గర జుట్టు ఒకేచోట నెరిసింది. నలభై రాకముందే గురునాథరావుకి సుగరొచ్చింది. మరుసటేడు త్రినాథరావుకీ వచ్చింది. ఎవరూ వింతపడలేదు. వాళ్ళ నాన్న సూరన్నకీ ఉండేది కదా అనుకున్నారు.

సూరన్నకి యాభై దాటాక చూపు పోయింది. చివరి రోజుల్లో అరుగు మీద కూర్చుని, ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళ చప్పుడు వింటూ ఉండేవాడు. కల్లు తాగి పోగొట్టుకున్నాడని ఊళ్ళో కొందరన్నారు. ఎండలో చెరకు కొట్టి పోగొట్టుకున్నాడని మరి కొందరన్నారు. సుగరుకీ కళ్ళకీ సంబంధం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

గురునాథరావు ఐటీఐ చదివి విశాఖపట్నం వచ్చాడు. పోర్టులో ఒక ప్రైవేటు కంపెనీలో హెల్పరుగా చేరి, కొన్నేళ్ళకి క్రేను ఎక్కాడు. ఓడ కడుపులోంచి బొగ్గు తోడి గట్టున పోసే పెద్ద క్రేను అది. పైన క్యాబిన్లో కూర్చుంటే కింద తిరిగే మనుషులు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు. బొగ్గు పట్టే గ్రాబ్ ఒక బారెడు పక్కకి ఊగినా ఎవడో ఒకడి ప్రాణం మీదికొస్తుంది. అతని చేతిలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. మేనమామ కూతురు రోజారమణిని పెళ్ళి చేసుకుని మల్కాపురంలో కాపురం పెట్టాడు. ఒక్కతే కూతురు, యశస్విని. చదువయ్యాక మధురవాడలో కంప్యూటరు ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది.

సుగరొచ్చిందని తెలిసిన నాటి నుంచీ గురునాథరావు భయంభయంగానే బతికాడు. రాత్రిపూట అన్నం మానేసి చోడి అంబలి, అంటే రాగి జావ, తాగేవాడు. పెళ్ళి భోజనాల్లో లడ్డూ ఆకుమీదే వదిలేసేవాడు. మాత్ర వేసుకోని పూట లేదు. తమ్ముడు త్రినాథరావు అందుకు పూర్తిగా విరుద్ధం. అతను సింహాచలం కొండ కింద, అడివివరం పోయే దారిలో కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నాడు. పొద్దున్నే చక్కెర వేసిన టీ, పదింటికి పులిహోర, సాయంత్రం మళ్ళీ టీ. మాత్రలు ఉంటే వేసుకునేవాడు, అయిపోతే తెచ్చుకునేదాకా ఊరుకునేవాడు.

"సచ్చీదాకా బతికీడానికి ఇంత బాదేటిరా?" అని అన్నని చూసి నవ్వేవాడు.

ఏటా కంపెనీ వాళ్ళు కంటి పరీక్ష చేయించేవారు. గోడమీది అక్షరాలు చదవమనేవారు. గురునాథరావు చిట్టచివరి వరుసదాకా గడగడా చదివేవాడు. కంటి వెనక పొరలో ఏం జరుగుతోందో ఆ అక్షరాలకి తెలియదు.

ఒక రోజు పొద్దుటి షిఫ్టు. ఓడలో బొగ్గు సగం తీశారు. గ్రాబ్ పైకి లేస్తుండగా క్యాబిన్ అద్దం మీద నల్లటి నూలుపోగు ఒకటి వేలాడుతున్నట్టు కనబడింది. బొగ్గు మసి అనుకుని గుడ్డతో తుడిచాడు. పోలేదు. తల పక్కకి తిప్పితే ఆ పోగు కూడా పక్కకి జరిగింది. కాసేపటికి ఒకటి కాస్తా నాలుగయ్యాయి. తర్వాత సాలెగూడంత అయ్యాయి. కుడికంట్లో ఎర్రటి పొగ లేచింది, వెంటనే ఎడమకన్నూ మసకబారింది.

గ్రాబ్‌ని మెల్లిగా ఓడలోకే దించేశాడు. లివర్ల మీంచి చేతులు తీసి వాకీటాకీ అందుకున్నాడు.

"క్రేను ఆపీసాను. నాకు కనిపించట్లేదు" అన్నాడు.

"ఏటి కనిపించట్లేదు బావా?" కిందనుంచి సూపర్‌వైజరు అడిగాడు.

"ఓడ."

అతణ్ణి కిందికి దించడానికి ఇద్దరు ఎక్కాల్సి వచ్చింది. నిచ్చెన మెట్ల మీద ఒకడు ముందు, ఒకడు వెనక. దిగుతున్నంతసేపూ గురునాథరావు ఏమీ మాట్లాడలేదు. భయపడ్డాడేమోనని వాళ్ళనుకున్నారు. కానీ అతనికి భయం కూడా వేయలేదట. ఇంకెవడికో ఏదో అవుతున్నట్టూ, తాను పక్కన నిలబడి చూస్తున్నట్టూ అనిపించిందని తర్వాత రోజారమణితో అన్నాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరు ఆశాజ్యోతి గారు చుక్కలమందు వేసి, లైటు వేసి చాలాసేపు చూశారు. నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. సుగర్ వల్ల కంటి వెనక పొరలో రక్తనాళాలు పాడయ్యాయనీ, వాటి బదులు పుట్టిన కొత్త నాళాలు బలం లేక చిట్లాయనీ, ఆ నెత్తురే కంట్లో నిండిందనీ చెప్పారు. కుడికంట్లో పొర ఊడిపోతోంది, ఆపరేషన్ చేయాలి. ఎడమకంటికి లేజరు పెట్టాలి.

"సూపు వొచ్చీస్తాదా అమ్మా?" రోజారమణి అడిగింది.

"ఉన్నది నిలబెట్టడానికి చూస్తాం. పోయినదంతా తిరిగొస్తుందని చెప్పలేను."

రోజారమణి అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గురునాథరావు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నెత్తురు పొగలోంచి గోడ ఇటుకరంగులో కనబడుతోంది. ఆసుపత్రి గోడలకి ఆ రంగు ఎందుకు వేస్తారు అని ఆలోచించాడు. అంతే.

కుడికంటికి ఆపరేషన్ అయింది. వెలుగూ నీడా మాత్రం తెలిసేంత మిగిలింది. లేజరు పెట్టాక ఎడమకన్ను కొంచెం నయం, ఎదురుగా మనిషి ముఖం పోల్చుకోగలడు. పక్కనా పైనా ఉన్నవి కనబడవు, వస్తువు ఎంత దూరంలో ఉందో అందదు. క్రేను ఎక్కడానికి లేదు. కంపెనీ వాళ్ళు కింద ఆఫీసు గదిలో వాకీటాకీ దగ్గర కూర్చునే పని ఇచ్చారు. ఏ ఓడని ఏ గట్టున కడుతున్నారు, ఏ క్రేను ఎక్కడికి పోవాలి అన్న మాటలు ఒకరినుంచి ఒకరికి చేరవేయడమే పని. కష్టమైన పని కాదు. తోటివాళ్ళు మంచివాళ్ళు, టీ చేతికందించేవారు. సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే జవాబిచ్చేవాడు. లేకపోతే లేదు.

రోజారమణికి ఆ మౌనం భరించడం కష్టమైంది. పోనీ కేకలేసినా బావుణ్ణనుకునేది.

"నానే సరిగ్గా వొండీదాన్ని కాదు" అని ఓ రోజు అనేసింది. "ఉప్పెక్కువేసీదాన్ని. పండగనాడు రొండు బూర్లు పెట్టీదాన్ని. అందుకే గదా బావా?"

"కాదు."

"మరెందుకు?"

"తెలీదు" అన్నాడతను. అని, అంబలి గిన్నె కోసం మంచం పక్కన చేత్తో తడిమాడు.

ఆ ప్రశ్నకి కొంత జవాబు తర్వాతి పరీక్షలో దొరికింది. ఆశాజ్యోతి గారు అతని పాత సుగర్ రిపోర్టులన్నీ చూసి ఆశ్చర్యపోయారు. ఇంత అదుపులో పెట్టుకున్న మనిషికి ఇంత తొందరగా, ఇంత తీవ్రంగా రావడం తక్కువ అన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా కళ్ళు పోయాయా అని అడిగారు. సూరన్న సంగతి చెప్పాడు. అన్నదమ్ములున్నారా అని అడిగారు.

"తమ్ముడున్నాడండి. కవలలం."

ఆవిడ రాస్తున్న పెన్ను ఆపారు. "ఒకేలా ఉంటారా?"

"మా అమ్మే పోల్చుకోనేకపోయీది."

"ఆయనకి సుగర్ ఉందా?"

"ఉందండి. ఆడు దాన్ని లెక్కెట్టడు."

"కళ్ళు ఎప్పుడైనా చూపించుకున్నారా?"

"ఆడికేటీ లేదండి. బానే కనిపిస్తాది."

ఆశాజ్యోతి గారు కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చున్నారు. "గురునాథరావు గారూ, మీది వ్యవసాయ కుటుంబం కదా, మీకు తెలిసేలా చెప్తాను. వాన అందరి పొలంలోనూ పడుతుంది. నీరు నిలిస్తే కొన్ని రకాల వరి ఓర్చుకుంటుంది, కొన్ని నాలుగు రోజులకే కుళ్ళిపోతాయి. తేడా విత్తనంలో ఉంటుంది. సుగర్ కూడా అంతే. కొందరి కళ్ళు దాన్ని చాలా ఏళ్ళు ఓర్చుకుంటాయి, కొందరివి ఓర్చుకోలేవు. ఆ బలహీనత కొన్ని కుటుంబాల్లో నెత్తురులోనే వస్తుంది. ఒక్క జన్యువు అని వేలు పెట్టి చూపించలేం. చాలా ఉన్నాయి, ఇంకా వెతుకుతున్నారు. కానీ మీదీ మీ తమ్ముడిదీ ఒకే విత్తనం. ఆయనకి చూపు బావున్నా సరే, వెంటనే తీసుకురండి. చూపు తగ్గేదాకా ఈ జబ్బు బయటపడదు."

రోజారమణి ముఖం చేతుల్లో దాచుకుంది. ఇన్నాళ్ళూ తన వంట మీద వేసుకున్న నింద కొంత దిగిపోయి ఆమె గట్టిగానే ఏడ్చింది. గురునాథరావు ఆ ఏడుపు విన్నాడు. తప్పు అతనిది కూడా కాదని డాక్టరు గారు చెబుతున్నారు. తేలికపడాలి కాబోలు అనుకున్నాడు. లోపల వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు.

"అలాగేనండి, తీసుకొస్తాను" అన్నాడు.

తీసుకురాలేదు. ఫోన్ చేయాలి అనుకుంటూనే కొన్ని వారాలు గడిపేశాడు. రోజారమణి గుర్తుచేస్తే "సేస్తాను" అనేవాడు. తమ్ముడి కళ్ళు బావున్నాయని తేలితే తనకి బాధేస్తుందా, పాడయ్యాయని తేలితే బాధేస్తుందా అని ఒకసారి తనని తాను అడిగి చూసుకున్నాడు. చివరికి రోజారమణే ఫోన్ చేసింది. త్రినాథరావు వినలేదు.

"నాకేటైంది వొదినా? కరుపూరం పేకెట్టు మీద తేదీ సదవమను, సదివీస్తాను. ఆడికి అయిందని నాకవ్వాలేటి?"

ఆమె ఫోన్ పెట్టేసి భర్తవైపు తిరిగింది. "నువ్వెల్లు బావా. నీ మాటైతే ఇంటాడు."

ఆదివారం గురునాథరావు బస్సెక్కి సింహాచలం వెళ్ళాడు. రోజారమణి వస్తానంటే వద్దన్నాడు. గోపాలపట్నంలో బస్సు మారేటప్పుడు ఎవరో ఆడమనిషి చెయ్యిచ్చి ఎక్కించింది. కొండ కింద దిగి, జనం రద్దీలో మనుషుల భుజాలు తగులుతుంటే అలవాటు మీద నడిచాడు. త్రినాథరావు కొట్టులో కొబ్బరి పీచు తీస్తున్నాడు. అన్నని చూసి కత్తి పక్కన పెట్టాడు.

"వొదిన పంపించిందేటి?"

"అవును."

"నాను రాను. ఆదివారం బేరం. కూకో, టీ సెప్తాను."

గురునాథరావు వాదించలేదు. బతిమాలలేదు. బల్ల ఎక్కడుందో కాలితో వెతుక్కుని కూర్చున్నాడు. త్రినాథరావు బేరాల్లో పడిపోయాడు. కాయ ఇచ్చి, అగరొత్తులిచ్చి, చిల్లర ఇచ్చి మధ్యమధ్య అన్నవైపు చూస్తూనే ఉన్నాడు.

టీ వచ్చింది. గురునాథరావు చెయ్యి చాపాడు. గ్లాసు ఉన్నచోటుకి కాస్త ఇవతల గాలిలో వేళ్ళు మూశాడు. మళ్ళీ చాపాడు. ఈసారి అంచు తగిలి సగం టీ బల్ల మీద ఒలికింది. మిగిలింది తాగాడు. తర్వాత గ్లాసు ఇవ్వడానికి లేచి, కొట్టు ముందు వేలాడదీసిన పూలదండల్లోకి నేరుగా నడిచాడు. దండలు మొహానికి చుట్టుకున్నాయి. అతను విదిలించుకోలేదు. ఏది అడ్డొచ్చిందో తెలుసుకోవడానికన్నట్టు చేతులు రెండూ పైకెత్తి అలాగే నిలబడిపోయాడు.

త్రినాథరావు చూశాడు. అద్దంలో రోజూ తాను దువ్వుకునే తల అది. అదే ముక్కు, కణతల దగ్గర అదే నెరుపు. ఆ ముఖంలో కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, దేన్నీ చూడటం లేదు. వేరేవాడెవడైనా అలా నిలబడి ఉంటే జాలిపడి ఊరుకునేవాడు. అక్కడ నిలబడ్డది తనే అన్నట్టనిపించింది.

గబగబా వెళ్ళి దండలు తప్పించాడు. బేరానికొచ్చిన వాళ్ళు "బాబూ, రెండు కాయలు" అంటున్నా వినిపించుకోలేదు. కొట్టుకి పట్టా కప్పేసి తాడు కట్టాడు.

"పదరా" అన్నాడు.

"ఆదివారం డాక్టరమ్మ ఉండదు."

"మరెందుకొచ్చీసావు?"

"మీ వొదిన ఎల్లమంది."

త్రినాథరావు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆ రాత్రి అన్నతోపాటే మల్కాపురం వచ్చేశాడు. పొద్దున్నే ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు.

చుక్కలు వేశారు. కనుపాపలు పెద్దవయ్యేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. అటూ ఇటూ పోయేవాళ్ళు ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు. ఆశాజ్యోతి గారు త్రినాథరావు కళ్ళు చూసి, ఫోటోలు తీయించి, లోపలికి పిలిచారు. చుక్కలు వేయకముందే అతను గోడమీది అక్షరాలన్నీ చదివేశాడు. కానీ కంటి వెనక కొత్త నాళాలు మొలిచి ఉన్నాయి. రెండు కళ్ళలోనూ. ఇంకా చిట్లలేదు.

"ఇంకొన్నాళ్ళాగితే మీరూ మీ అన్నయ్యలాగే వచ్చేవారు" అన్నారావిడ. "ఇప్పుడైతే లేజరుతో ఆపగలం."

త్రినాథరావు అన్న వైపు వేలు చూపించాడు. కోపంగా అడిగాడు. "అమ్మా, ఈడు అన్నీ మానీసాడు. నాను ఏటీ మాన్లేదు. ఈడు ముందు గుడ్డోడైనాడు, నాను అవ్వబోతన్నాను. మరి మానీసి ఏటి లాభం?"

"ఆయన మానేయకపోతే ఇంకా ముందే వచ్చేదేమో. మీరు జాగ్రత్తగా ఉంటే ఇంకా ఆలస్యమయ్యేదేమో. మీకు ముందు ఎందుకు చిట్లలేదో నాకూ తెలియదు, తెలిసినట్టు చెప్పను. కానీ ఒకటి గుర్తుంచుకోండి. పుట్టుకతో వచ్చినదాన్ని మనం మార్చలేం. సుగరూ బీపీ మాత్రం మన చేతిలో ఉన్నవి."

కవలల నెత్తురు పరిశోధనకి ఇస్తారా అని కూడా అడిగారు. దానివల్ల వాళ్ళిద్దరికీ వచ్చే లాభం ఏమీ లేదనీ, ఫలితాలు కూడా వాళ్ళకి విడిగా చెప్పరనీ ముందే చెప్పారు. త్రినాథరావు అన్న వైపు చూశాడు. గురునాథరావు అప్పటికే చొక్కా చెయ్యి మడుస్తున్నాడు.

లేజరు పెట్టిన రోజు నొప్పికి త్రినాథరావు బయటికొచ్చి బెంచీ మీద పిల్లాడిలా ఏడ్చాడు. "నువ్వు రాకపోతే నా బతుకేటయ్యీదిరా" అని అన్న చెయ్యి పట్టుకున్నాడు. గురునాథరావు చెయ్యి వెనక్కి తీసుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు. అలా ఉంచాడు. రోజారమణి అది గమనించింది. మీ నాన్న లోపల ఏదో కట్టెలా అయిపోయిందని ఆ సాయంత్రం కూతురికి ఫోన్లో చెప్పింది.

కొన్ని నెలలకి త్రినాథరావు కళ్ళు నిలకడకొచ్చాయి. రాత్రిపూట చూపు కాస్త తగ్గింది, అందుకని చీకటి పడకముందే కొట్టు కట్టేస్తున్నాడు. టీలో చక్కెర మానేశాడు. పులిహోర మాత్రం పూర్తిగా మానలేదు.

అటు తర్వాత డాక్టరు మాట మీద యశస్విని కూడా నెత్తురు పరీక్ష చేయించుకుంది. ముప్పై కూడా నిండని పిల్ల. సుగర్ వచ్చేసింది. మధురవాడ హాస్టల్ నుంచి ఆ పూటే ఇంటికొచ్చి తండ్రి మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"నాన్నా, నాకూ అలాగే అవుద్దా?"

గురునాథరావు ఏదో ఒకటి అనాలి. ఏమీ కాదమ్మా అనాలి. ఆ మాట నోట్లోకి రాలేదు. "బుధవారం డాక్టరమ్మ ఉంటాది. ఎల్దాం" అన్నాడు. యశస్విని ఇంకా ఏదైనా అంటాడేమోనని కాసేపు చూసి, లేచి వంటింట్లోకి తల్లి దగ్గరికి పోయింది.

బుధవారం ముగ్గురూ వెళ్ళారు. యశస్విని కళ్ళలో చుక్కలు వేశారు. ఆశాజ్యోతి గారు లైటు వేసి కుడికన్ను చూశారు, ఎడమకన్ను చూశారు, మళ్ళీ కుడికన్ను చూశారు. గురునాథరావు గోడవార స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు. లైటు ఆపిన చప్పుడు.

"శుభ్రంగా ఉన్నాయి" అన్నారావిడ. "రెండూ. ఒక్క మచ్చ లేదు. ఏటా వచ్చి చూపించుకో, సుగర్ వదలకు. ఇంత చిన్న వయసులో తెలియడమే మంచిదైంది."

రోజారమణి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. యశస్విని ఊపిరి వదిలింది. గురునాథరావు కదల్లేదు.

"ఏటి బావా, ఇన్నావా?" అంది రోజారమణి.

"ఇన్నాను." కొంచెం ఆగాడు. "అమ్మా, ఇంకోసారి సెప్తారేటి?"

"ఏది?"

"ఆ మాటే. మా పిల్ల కళ్ళ గురించి."

ఆశాజ్యోతి గారు రాస్తున్నది ఆపి, అతనివైపు తిరిగి, మొదటిసారి కంటే నెమ్మదిగా చెప్పారు. అతను తల ఒకవైపు వంచి, వాకీటాకీలో దూరపు మాట వినేవాడిలా విన్నాడు. ఏడవలేదు. తన చేతులనే ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

బయటికొస్తే మిట్టమధ్యాహ్నం ఎండ. చుక్కలమందుకి యశస్విని కళ్ళు బైర్లుకమ్మి ఏమీ కనబడటం లేదు. చున్నీ కళ్ళకి అడ్డం పెట్టుకుంది. రోజారమణి ఒక చేత్తో భర్తనీ ఒక చేత్తో కూతుర్నీ పట్టుకుని రోడ్డు దాటించి బస్టాపులో నిలబెట్టింది. బస్సొకటి వస్తున్న చప్పుడైంది.

"నాన్నా, ఏ బస్సది?" అంది యశస్విని అలవాటుగా.

"నన్నడుగుతావేటే?" అన్నాడు గురునాథరావు.

యశస్వినికి నవ్వాగలేదు. అతనూ నవ్వాడో లేదో చున్నీ చాటున ఆమెకి కనబడలేదు. రోజారమణి మునివేళ్ళ మీద లేచి బోర్డు చదివింది.

"మనది కాదు" అంది.

ముగ్గురూ నీడలోకి జరిగి నిలబడ్డారు.